ఖాళీ లేని పాదానికి టీకా తాత్పర్యం

మూలం:
ఇమేజ్_ఇన్‌స్టాల్:అపెండ్ = "డ్రిప్‌డి"

అవతారిక: ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే అనంతపురం. కరువేళ్లలో ట్యాంకర్లతో నీళ్లు తోలి చీనీ చెట్లను బతికించుకున్న సీమ. అక్కడొక తోటలో డ్రిప్పు వాల్వులు తిప్పే లినక్సు పెట్టె ఉంది. దాని ఫర్మ్‌వేర్ యోక్టోలో తయారవుతుంది. మొన్నటిదాకా తయారైన ఇమేజి ఈ రోజు కానంటోంది. "ఏమప్పా, వాల్వు తిరిగేదెప్పుడు? చెట్లు వాడిపోతాండాయి" అని రైతు ఫోను.

ప్రతిపదార్థం: ఇమేజ్_ఇన్‌స్టాల్ = ఇమేజిలో చేరవలసిన ప్యాకేజీల వరుసకు; అపెండ్ = కడపట తగిలింపుము; డ్రిప్‌డి = వాల్వుల కాజ్ఞలిచ్చు ప్రోగ్రామును.

పాఠాంతరం: 2021కి ముందరి ప్రతులలో రెండు చుక్కల చోట కింది గీత కనబడును. యోక్టో హానిస్టర్ విడుదలతో చుక్కలే సాధుపాఠమైనవి.

వ్యాఖ్య: దోషం అక్షరాల్లో లేదు. కొటేషను గుర్తుకూ 'డ్రి'కీ నడుమ ఉండవలసిన ఖాళీ లేదు. అపెండ్ తనంతట ఖాళీ వేయదు. మరి ఇన్నాళ్లూ ఎట్లా నడిచిందయ్యా అంటే, మన ఇమేజిని తయారుచేసే కోర్-ఇమేజ్-మినిమల్ రెసిపీలో వరుస చివర ఒక ఖాళీ మిగిలి ఉండేది. మన పాదం దాని పుణ్యాన బతికింది. నిన్న మరొకరు, దూరం నుంచి లాగిన్ కావడానికి, దీనికి పై పాదంలో డ్రాప్‌బేర్‌ను చేర్చారు, ముందు ఖాళీ ఉంచి మరీ. దాంతో రెండు పేర్లూ అతుక్కుని 'డ్రాప్‌బేర్‌డ్రిప్‌డి' పుట్టింది. చిన్నయసూరి ఒప్పుకోని సంధి ఇది. ఆ పేరుగల ప్యాకేజీని ఇచ్చేవారు ఎవరూ లేరని యోక్టో బిల్డు సాధనమైన బిట్‌బేక్ చేతులెత్తేసింది. పాపం పాత పాదానిది, తిట్లు మాత్రం డ్రాప్‌బేర్ చేర్చినవారికి. ఆఫీసుల్లో ఇది మామూలే.

పూర్వపక్షం: ఖాళీని తానే వేసే += ఉండగా అపెండ్ ఎందుకు?

సమాధానం: మన పాదం ఉండే లోకల్.కాన్ఫ్‌లో += నిలవదు. బిట్‌బేక్ ఆ ఫైలును ముందే చదువుతుంది; తర్వాత వచ్చే ఈ రెసిపీ ఒట్టి = తో వరుసను మొదటి నుంచి రాసేస్తుంది. అపెండ్ అన్నీ చదివాక ఆఖరున పనిచేస్తుంది కాబట్టి నిలుస్తుంది.

తాత్పర్యం: కొటేషను తెరిచాక ఒక ఖాళీ కొట్టవలెను. అంతే.

శంక తీరనివారు 'బిట్‌బేక్ -ఇ కోర్-ఇమేజ్-మినిమల్' కొట్టి, వచ్చిన చాంతాడంత జాబితాలో ఇమేజ్_ఇన్‌స్టాల్ వరుస వెతుక్కోండి. పేర్లు విడివిడిగా కనబడితేనే ఇమేజిని తోటకు పంపండి.