చాతం ఫెర్రీ ఆత్మకథ

తన కథ చెప్పమంటే అండమాన్‌లోని చాతం జెట్టీ వెహికల్ ఫెర్రీ ఇంజను గురించి రెండు ముక్కలతో సరిపెడుతుంది. దాని మనసంతా వెనక పరుచుకునే నురుగుచాలు మీదే. లారీలు, స్కూటర్లు, జనం నిండుగా ఎక్కి బంబూఫ్లాట్‌కు బయల్దేరితే ఆ చాలు వెడల్పుగా లేస్తుంది, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు సన్నబడుతుంది. ఒడ్డున 1883లో మొదలైన రంపపు మిల్లు. పడౌక్ కలప పొట్టు వాసన డెక్కు దాకా వస్తుంది.

గెలాక్సీల సంగతి దానికి తెలిసింది విశాఖలో ఫిజిక్స్ చదివే కుర్రాడి వల్ల. సెలవులకొచ్చి, చీకటి ట్రిప్పులో చెల్లెలికి నురుగుచాలు చూపించాడు. “ఆకాశంలోనూ ఇలాంటిది ఉందమ్మా” అన్నాడు.

“అక్కడ నీళ్లేవి అన్నయ్యా?”

ఫెర్రీకి ఆ ప్రశ్న తెగ నచ్చింది. నీళ్లు లేవు, ఒరుసుకోవడమూ లేదు. నక్షత్రాలు, కృష్ణపదార్థం ఉన్నాయి. బరువైన గెలాక్సీ వాటి మధ్య నుంచి పోతుంటే, దాని ఆకర్షణకు అవి దారి మళ్లి వెనక గుమిగూడతాయి. ఆ గుంపు గెలాక్సీని వెనక్కి లాగుతుంది. ఏదీ దేన్నీ తాకకుండానే వేగం తగ్గిపోతుంది! ఈ లెక్క 1943లో తేల్చింది సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్, పెట్టిన పేరు డైనమికల్ ఫ్రిక్షన్. బరువు రెండింతలైతే వేగం తగ్గే రేటూ రెండింతలవుతుంది. మరీ వేగంగా దూసుకుపోయేవాటిని మాత్రం అది పెద్దగా ఆపలేదు.

అందుకే గెలాక్సీ సమూహాల్లో బరువైనవి ముందుగా నడిమికి దిగి, అక్కడున్న పెద్దదాంట్లో కలిసిపోతాయి. చిన్నవి వందల కోట్ల ఏళ్లు తిరుగుతూనే ఉంటాయి. దాదాపు 5.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన, కన్యారాశి సమూహం నడుమ ఉన్న ఎం87 అలా ఇతరుల్ని కలుపుకుని పెరిగిందే. గత వంద కోట్ల ఏళ్లలో అది ఓ మధ్యరకం గెలాక్సీని మింగిందని 2015లో బయటపడింది. ముసలి నక్షత్రాలు వదిలిన వాయుగోళాల కదలికలే దాన్ని పట్టిచ్చాయి.

హైదరాబాదులోనూ ఈ విద్యకు పెద్ద దిక్కు ఉండేవారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సాలెహ్ మహమ్మద్ అల్లాదీన్ గెలాక్సీలు ఎదురుపడితే ఏమవుతుందో లెక్కలు కట్టారు. ఆయన పేరు తెలుగు పిల్లలకు ఇంకా బాగా తెలియాలన్నది ఫెర్రీ కోరిక.

నురుగుచాలు లాంటి జాడ నిజంగా కనిపించింది కూడా. పెద్ద మెగల్లానిక్ మేఘం అనే గెలాక్సీ వెనక నక్షత్రాలు గుమిగూడిన జాడను పాలపుంత పొలిమేరల్లో 2021లో మ్యాపు గీసి చూపించారు. చలికాలపు రాత్రుల్లో ఆ మేఘం అండమాన్‌కు దక్షిణాన, సముద్రానికి కాస్త పైన ఉంటుంది. చాతం దీపాల వెలుగులో కష్టం. చిడియాటాపు వైపు చీకటి ఒడ్డుకు వెళ్లాలి. తన రూటు అటు కాదు గనక, ఎక్కిన పిల్లలందర్నీ బస్సెక్కి వెళ్లి చూసి రమ్మంటుంది ఫెర్రీ.