చేపకు సూది వేస్తారా?

మొత్తానికి క్రిములు లేవని తేలిపోయింది. ఇన్నేళ్లుగా మైక్రోస్కోపుకి కళ్లు అతికించుకుని పాడుచేసుకున్నవాళ్లందరికీ నా సానుభూతి. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మొన్న ఆదివారం పొద్దున్నే, గులాబీ పువ్వు గుడ్‌మార్నింగుకీ నీళ్ల ట్యాంకరు లెక్కకీ మధ్యన, ఈ సంగతి ప్రకటించేశారు. ప్రకటించినది నాలుగో అంతస్తు పెద్దాయన. రిటైరయ్యేదాకా బ్యాంకులో జనం స్తోమతు చూసి లోన్లిచ్చాడు, ఇప్పుడు జనం టెర్రైన్, అంటే క్రిమి మొలిచే ఒంటి 'నేల', చూస్తున్నాడు. ప్రకటన వెనకాలే శిబిరం కరపత్రం దిగింది. మూడు రోజులు, ఊరవతల ఫామ్‌హౌసు, పళ్లరసాలు, మట్టి పట్టీలు, మనిషికి 14,000 రూపాయలు. పైన ఎర్రక్షరాలతో 'జెర్మ్ థియరీ మహా మోసం'. రెండు పేజీలూ చదివాను. కరపత్రాలు ఆఖరి లైను దాకా చదవడం నాకున్న జబ్బు. దానికి ఏ క్రిమి కారణమో తెలీదు.

జబ్బులు క్రిములతో వస్తాయని చాటిన పాశ్చరే చనిపోతూ, క్రిమిదేం లేదు అంతా నేలదే అని ఒప్పేసుకున్నాడట. ఆ 'ట' దగ్గర కాస్త ఆగండి. ఆయన పోయింది 1895 సెప్టెంబరు 28న. ఆ మాట అన్నట్టు ఆనాటి రాతల్లో ఆధారం లేదు. బెర్నార్ చెప్పిందే నిజమని కూడా అన్నాడంటారు. ఆ క్లోద్ బెర్నార్ అనే శరీరశాస్త్రవేత్త 1878లోనే పోయాడు కనక అవునో కాదో చెప్పడానికి రాలేడు. పోయేవాళ్ల నోట్లో తులసి తీర్థం పోయడం మనకి అలవాటే. సిద్ధాంతం పోయడం కొత్త.

అంత్వాన్ బెషాంప్ ఈ మతానికి మూలపురుషుడు. ప్రతి ప్రాణిలోనూ 'మైక్రోజైమా'లనే కణాలుంటాయనీ, ఒళ్లు చెడితే అవే బ్యాక్టీరియాగా మారతాయనీ అన్నాడు. ఆ మైక్రోజైమా ఉందని ఇప్పటిదాకా ఎవరూ రుజువు చేయలేదు. వైరస్‌ని కళ్లతో చూశావా అని నన్ను నిలదీసేవాళ్లు దీన్ని మాత్రం చూడకుండానే నమ్ముతారు.

ఇవన్నీ పోనీయండి. నాకు ఒళ్లు మండేది చేప దగ్గర.

మీక్కూడా వచ్చే ఉంటుంది ఆ బొమ్మ. గాజు తొట్టి, మురికి నీళ్లు, అందులో నీరసంగా ఒక చేప. కింద ప్రశ్న: 'చేపకు జబ్బు చేస్తే చేపకు సూది వేస్తారా, తొట్టిలో నీళ్లు మారుస్తారా?' నాకు వారంలో నాలుగుసార్లు వచ్చింది. ఒకసారి మా పెద్దమ్మ పంపింది. ఆవిడ జన్మలో చేప ముట్టలేదు. వచ్చిన ప్రతిసారీ కింద దండాల బొమ్మలు. ఏదో ఉపనిషత్తు మళ్లీ దొరికినట్టు!

నాది భీమవరం పక్క. మాకు చేపలతో, రొయ్యలతో ఉపమానాలు చెప్పేటప్పుడు మనిషి కొంచెం జాగ్రత్తగా ఉండాలి. ఉండి అనే ఊరి దగ్గర మా బావమరిదికి ఆరెకరాల రొయ్యల చెరువుంది. ఫోన్ చేసి ఇదే ప్రశ్న అడిగాను. "ఎవడు బావా అడిగింది? ఎన్నెకరాలు చేస్తాడేంటి?" అన్నాడు. నా దృష్టిలో 'టెర్రైన్ థియరీ' మీద ఇంతకు మించిన సమీక్ష రాలేదు, రాదు.

నేల సంగతి, నీటి సంగతి వాడికి తెలియదనుకునేరు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి టార్చిలైటు వేసుకుని గట్టు మీద తిరుగుతాడు. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయేది ఆ వేళకే. రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతూనే ఉంటాయి, కరెంటు పోతే జనరేటరు. పీహెచ్ చూస్తాడు, అమ్మోనియా చూస్తాడు, చెక్ ట్రే పైకి లాగి మేత మిగిలిందా, రొయ్య పేగు నిండిందా అని వేళ్లతో పట్టుకుని చూస్తాడు. నీలం డ్రమ్ములో బెల్లం కలిపి ప్రోబయాటిక్ పులియబెట్టి చెరువులో చల్లుతాడు. మా నాలుగో అంతస్తు పెద్దాయన పేగులకి కూడా ఇంత సేవ జరిగి ఉండదు.

మరి అదే మనిషి సీడ్ కొనేముందు శాంపిల్ తీయించి పీసీఆర్ టెస్టు చేయించందే హేచరీకి డబ్బు కట్టడు. చెరువు చుట్టూ పీతలు రాకుండా కంచె, పైన కాకులూ కొంగలూ వాలకుండా దారాలు, నీళ్లు పెట్టగానే బ్లీచింగు. ఇవన్నీ ఎందుకయ్యా? 'తెల్లమచ్చ' కోసం. వైట్ స్పాట్ అనే ఆ వైరస్ 1994లో మన తీరానికి వచ్చింది. అప్పుడు మా వైపు అందరూ టైగర్ రొయ్యే వేసేవారు. మావయ్య, అంటే వీడి నాన్న, నాలుగెకరాలు వేశాడు. నీళ్లు చక్కగా పచ్చగా ఉన్నాయి, మేత బాగా తింటున్నాయి. ఒకరోజు పొద్దున చూస్తే రొయ్యలు గట్టు వారకి వచ్చేసి ఒళ్లు ఎర్రబడి తేలుతున్నాయి. తలపెంకు ఒలిచి వెలుగుకి పెడితే ముగ్గుపిండి చల్లినట్టు తెల్లటి చుక్కలు. వారం తిరక్కుండా చెరువు ఖాళీ. అత్తయ్య గాజులు కూడా ఖాళీ.

అసలు మాట ఇప్పుడు చెబుతాను, బొమ్మ పంపేవాళ్లు చెవి ఇటు పెట్టండి. రొయ్యలు తేలకముందే మావయ్య నీళ్లు మార్చాడు! ఆ బొమ్మలో ఉన్న వైద్యం ఆయన 30 ఏళ్ల కిందటే చేశాడు. అంతకు రెండ్రోజుల ముందు పై చెరువాయన తన జబ్బు నీళ్లు కాలవలోకి వదిలేశాడు. మావయ్య ఆ కాలవలోంచే మోటారు పెట్టి కొత్త నీళ్లు తోడుకున్నాడు. ఆయన మార్చింది నీళ్లనే. చెరువులోకి వచ్చింది వైరస్. నీళ్లు ఎంత బాగున్నా దానికి ఫరక్ పడలేదు.

ఇక చేపకి సూది వేస్తారా అన్న ఆ మహా ప్రశ్న. వేస్తారండీ. నార్వేలో పెంపకపు సాల్మన్ చేపల్ని మత్తులో ఉంచి, వరసగా ఒక్కొక్క దానికీ పొట్టలో సూది గుచ్చి టీకా వేస్తారు. కోట్ల చేపలకి. 1987లో ఆ దేశం చేపల కోసం దాదాపు 50 టన్నుల యాంటీబయాటిక్స్ వాడింది. టీకాలొచ్చాక ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగినా ఆ వాడకం నామమాత్రమైంది. కాబట్టి ఇకమీదట ఎవరైనా మీకు ఆ బొమ్మ పంపి ప్రశ్న అడిగితే 'అవును' అని ఒక్క ముక్క రాసి ఊరుకోండి.

చేపని ఇంకా వదలను. ఆ బొమ్మలో చేప ఎవరు? మనం. బాగానే ఉంది. తొట్టి ఎవరిది? నీళ్లు ఎవరు మార్చాలి? చేపకి చేతులుండవు కదా, తొట్టి కడగాల్సింది దాని యజమాని. అంటే మనుషుల లెక్కలో మురుగ్గాలవలు, మంచినీళ్లు, కూలి రేట్లు, రేషను బియ్యం, గాలాడే ఇల్లు. శిబిరంలో వీటిలో ఒక్కదాని ఊసైనా ఉందా? లేదు. అక్కడ చేప చేతికే బ్రష్షిచ్చి తొట్టి తోముకోమంటారు. తోమలేకపోతే తప్పు చేపది. 'మీకు క్షయ వచ్చిందంటే మీ టెర్రైన్ చెడింది, మీ ఆలోచనలు నెగటివ్‌గా ఉన్నాయి' అని పెద్దాయన గ్రూపులో రాశాడు. ఒక గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లో, ఆ గదిలో దగ్గిన మనిషి పక్కన పడుకున్న పిల్లకి క్షయ వస్తే అది ఆ పిల్ల ఆలోచనల తప్పా? సిగ్గు లేదా ఆ మాట రాయడానికి? పూర్వం పాపం చేశావు, అమ్మవారు పోసింది అనేవాళ్లు. వాళ్లయినా వేపాకు ఊరికే ఇచ్చారు.

పోనీ వైద్యులు ఒంటి సంగతి మరిచిపోయారా? జార్ఖండ్‌లో క్షయ రోగుల ఇళ్లకి నెలనెలా తిండి గింజలూ పప్పూ ఇచ్చి చూశారు. ఆ ఇళ్లలో మిగతావాళ్లకి క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. 2023లో లాన్సెట్‌లో వచ్చింది. ఇదీ నేలని బాగుచేయడమంటే. అయితే రోగికి మందులు ఆపలేదు. క్రిమి లేదనీ అనలేదు. క్షయ రోగికి తిండి కోసం ప్రభుత్వం ఇచ్చేది నెలకి 500, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు. శిబిరం రుసుము 14 నెలల తిండి. ఆ వెయ్యి చాలదని గొడవ చెయ్యండి, నేనూ వచ్చి జెండా పట్టుకుంటాను.

మా భీమవరంలోనే పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాతో పోయారు. ఆయన అమెరికా వెళ్లి లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో ఫోలిక్ ఆసిడ్ తయారుచేయించాడు. అది ఒంటి కోసం. అదే ప్రయోగశాల నుంచి బోదకాలుకి హెట్రజాన్, బ్యాక్టీరియా మీదకి ఆరియోమైసిన్. అవి చొరబడ్డవాటి కోసం. నువ్వు క్రిమి పార్టీయా నేల పార్టీయా అని ఆయన్ని ఎవరైనా అడిగి ఉంటే ఏమనేవాడో మరి.

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం మా వాచ్‌మన్ కొడుకు. ఏడేళ్లు. పోయిన నెల వీధి కుక్క పిక్క పట్టుకుంది. నేను కిందకి దిగేసరికి పెద్దాయన వాడి తల్లికి హితబోధ చేస్తున్నాడు: మూడు రోజులు పళ్లు పెట్టు, గాయానికి మట్టి కట్టు, సూదులు వేయిస్తే ఒళ్లు విషం అవుతుంది. ఆవిడ తల ఊపుతోంది. ఊపక ఏం చేస్తుంది, నెలజీతం చేతిలో పెట్టే అసోసియేషన్‌కి ఆయన సెక్రటరీ. పిల్లాణ్ణి కుళాయి కింద కూచోబెట్టి పావుగంట సబ్బుతో కడిగాను. రక్తంతో పాటు నురగ కాలవలోకి పోతుంటే వాడు 'అంకుల్, బొడ్డు చుట్టూ పద్నాలుగు వేస్తారా' అని ఏడ్చాడు. ఆ సూదులు పోయి ఏళ్లయింది, భయం మాత్రం పోలేదు. నల్లకుంట ఫీవరాసుపత్రికి ఆటోలో తీసుకెళ్లాం. గాయంలో ఇమ్యునోగ్లోబ్యులిన్, తర్వాత లెక్క ప్రకారం టీకాలు. ఆ ఆసుపత్రికి రోనాల్డ్ రాస్ పేరు పెట్టారు. 1897 ఆగస్టు 20న దోమ పొట్ట కోసి అందులో మలేరియా క్రిమిని చూసినవాడు, అదీ మన సికింద్రాబాద్‌లోనే. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడ్డాక బతికి బట్టకట్టినవాళ్లు ప్రపంచం మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. పహిల్వానైనా, యోగి అయినా, పళ్లరసం తాగినవాడైనా ఒకటే. పెద్దాయన ఆడిన ఆట వాడి ప్రాణంతో.

పెటెన్‌కోఫర్ అలా ఆడలేదు. ఆయన పేరూ కరపత్రంలో ఉంది, మొదటి పేజీలోనే. మ్యూనిక్ ప్రొఫెసరు, క్రిమి ఒక్కటే కలరా తేలేదని వాదించేవాడు, 1892 అక్టోబరులో 73 ఏళ్ల వయసులో కలరా క్రిములున్న ద్రవం అందరూ చూస్తుండగా తాగేశాడు. కాసిని విరేచనాలతో బయటపడ్డాడు. కరపత్రం కథ ఇక్కడ ముగుస్తుంది. అదే ఏడు హాంబర్గ్‌లో ఎల్బే నది నీళ్లు వడపోయకుండా ఇస్తే కలరాతో 8,000 మందికి పైగా చచ్చిపోయారు. ఆనుకునే ఉన్న ఆల్టోనా, హాంబర్గ్ మురికి కలిశాక కింద నుంచి తోడిన నీళ్లే ఇసుకలో వడపోసి ఇచ్చింది. అక్కడ చాలా కొద్దిమందికే వచ్చింది. సరిహద్దు వీధిలో ఇటు వరస ఇళ్లలో కలరా, అటు వరసలో లేదు. ఈ ముక్క కరపత్రంలో వేయడానికి చోటు చాలలేదు కాబోలు. అయినా ఆ ముసలాయన అంటే నాకు గౌరవమే. మ్యూనిక్‌కి మంచినీళ్లూ మురుగ్గాలవలూ తెప్పించిన మనిషి. తాగాల్సి వచ్చినప్పుడు తన గొంతులోనే పోసుకున్నాడు, వాచ్‌మన్ కొడుకు గొంతులో కాదు.

పిల్లాడికి ఆఖరి సూది అయిపోయింది, కింద సైకిలు తొక్కుతున్నాడు. కరపత్రం ఇంకా నా బల్ల మీదే ఉంది. రెండో పేజీ అడుగున, ఫోన్ నంబర్ల కింద, భూతద్దం పెడితే తప్ప ఆనని అక్షరాల్లో ఇలా ఉంది: 'గమనిక: జలుబు, దగ్గు, జ్వరం ఉన్నవారు దయచేసి శిబిరానికి రావద్దు. తోటివారికి అంటుకునే ప్రమాదం ఉంది.'