బఫర్ బొత్తాం పండితులు

మ్యాపుల సాఫ్ట్‌వేర్లలో బఫర్ అనే పనిముట్టుకు ఉన్నంత వినయం ఏ గుమాస్తాకూ ఉండదు. తెరమీద చుక్కో, గీతో, చేత్తో గీసిన వంకర బొమ్మో ఎంచుకుని దూరం చెబితే చాలు, దాని చుట్టూ అంత వెడల్పున పట్టీ గీసేస్తుంది. ఎంచుకున్నది నిజంగా చెరువేనా అని ఎదురు ప్రశ్న వేయదు. ఆ పట్టీకి లేత ఎరుపు పూసి, మూలన ఉత్తర దిక్కు బాణం పెట్టి పీడీఎఫ్ చేశారా, ఇక అది శాస్త్రం! మీటింగులో దాన్ని చూసి తల ఊపనివాడు అజ్ఞాని.

ఈ బొత్తాం నొక్కే పండితుల లెక్కలు చూద్దాం. అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో ఉన్న మ్యాపు పొరమీద 500 అని కొడితే సాఫ్ట్‌వేర్‌కు అవి మీటర్లని తెలియదు. 500 డిగ్రీలు గీయబోతుంది. భూగోళం మొత్తం చుట్టినా 360యే కదా! సరే, మీటర్లలోకి మారారనుకుందాం. వెబ్ మెర్కేటర్ అనే ప్రొజెక్షన్‌లో గీసిన 500 మీటర్లు హైదరాబాద్ నేలమీద దాదాపు 477కి దిగుతాయి. పైగా క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగు ముట్టుకోకపోతే పావు వలయానికి ఐదే ముక్కలు. అంటే చుక్క చుట్టూ గుండ్రంగా కనిపించేది నిజానికి 20 భుజాల బొమ్మ. వ్యాసార్ధం 500 మీటర్లయితే ప్రతి భుజం నడుమ ఆరు మీటర్లు లోపలికి పోతుంది. ఆ ఆరు మీటర్లలో ఒక గది, మేడమెట్లు హాయిగా పడతాయి.

అసలు వినోదం చెరువుల దగ్గర.

2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్ల బఫర్ వదలాలి. అంతకన్నా చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండి అలుగు పారబోయే వేళ నీళ్లు ఎక్కడిదాకా నిలుస్తాయో ఆ హద్దు. అది తేలాలంటే ఎండలో లెవెలింగ్ పరికరం మోయాలి. పండితుడికి ఏసీ గది ఉండగా ఆ ఖర్మేమిటి? ఏప్రిల్ నెల ఉపగ్రహ చిత్రం తెరిచి, ఎండిపోగా మిగిలిన నీలిమచ్చ చుట్టూ గీత గీసి, బొత్తాం నొక్కుతాడు. ఆ చిత్రం ల్యాండ్‌శాట్‌దైతే ఒక్కో గడి నేలమీద 30 మీటర్లు. పెద్ద చెరువుకు చట్టం ఇచ్చిన రక్షణంతా ఒక్క గడి! సెంటినెల్-2 గడి 10 మీటర్లు. కుంటకు దక్కిన 9 మీటర్లు ఆ గడిలో దూరితే మళ్లీ కనపడవు.

చెరువును కురచగా గీసినవాడికి లాభం రెండింతలు. హద్దు లోపలికి జరుగుతుంది. వైశాల్యం 9.9 హెక్టార్లకు దిగితే పట్టీ కూడా 30 నుంచి 9కి చిక్కిపోతుంది.

2024లో హైదరాబాద్ చెరువుల ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా బుల్డోజర్లు కదిలాక ఎఫ్‌టీఎల్, బఫర్ అనే మాటలు టీకొట్ల దాకా వచ్చాయి. ఫ్లాటు కొనబోయేవాళ్లు ఫోన్లో మ్యాప్ తెరిచి నీలిరంగు అంచు నుంచి వేలితో కొలవసాగారు. ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుందని, కొలిచేది తొమ్మిది మీటర్లేనని వేలికేం తెలుసు!

హద్దు సరిగ్గా తేలినా దూరం ఎలా కొలవాలన్నది ఇంకో తగాదా. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కేరళలోని నార్త్ పరవూర్‌లో ఒక బారు యజమాని భవనాన్ని అంగుళం కదపలేదు. దారికి అటూ ఇటూ గోడలు లేపి, మెలికలు తిప్పి, నడక దూరాన్ని 500 మీటర్లు దాటించాడు. మ్యాపుమీద బారు వలయం లోపలే, కాళ్ల లెక్కలో బయట. వలయం గీసే పండితుడికి గద్ద చూపు తప్ప మనిషి నడక తెలియదు మరి.

అందుకే మీటింగులో ఎరుపు పట్టీ వెలిగినప్పుడు అడగాల్సినవి నాలుగే: అలుగు ఎత్తు కొలిచిందెవరు, చిత్రం ఏ నెలది, ప్రొజెక్షన్ ఏది, దూరం ఏ దారిన? పండితుడు కళ్లజోడు సవరించుకుని ఇచ్చే జవాబు మాత్రం ఒక్కటే: “సాఫ్ట్‌వేర్‌లోనే అలా వచ్చిందండీ.”