ఒహాయో హాలు ప్రొజెక్టర్ ఆత్మకథ

నేను 35 ఎంఎం ప్రొజెక్టర్‌ని. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఒకే తెర ఉన్న చిన్న ఊరి సినిమా హాల్లో నా బతుకంతా గడిచింది. సెకనుకు 24 ఫ్రేములు నా లెన్సు వెనక ఆగి కదిలేవి. రీలు అయిపోయే వేళకు పక్కనున్న నా జోడు యంత్రం అందుకునేది. ఆ మార్పు ప్రేక్షకుడి కంటపడనీయని మా ఆపరేటర్ పనితనమే నా గర్వం.

1948లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత పెద్ద స్టూడియోలు తమ సొంత హాళ్లను వదులుకోవాల్సి వచ్చింది. సినిమాలను గంపగుత్తగా అంటగట్టే పద్ధతీ పోయింది. మా యజమాని ఊపిరి పీల్చుకున్నాడు. ఇంతలో టీవీ వచ్చి సీట్లు ఖాళీ చేసింది. అయినా నెట్టుకొచ్చాం.

1975లో 'జాస్' సినిమా నాలుగు వందలకు పైగా హాళ్లలో ఒకేసారి విడుదలైంది. టీవీ ప్రకటనలు హోరెత్తాయి. ఆ దారిలోనే పోయి పోయి, మొదటి వారాంతం వసూళ్లే సినిమా జాతకం తేల్చే రోజులొచ్చాయి. టికెట్టు డబ్బులో తొలి వారాల్లో స్టూడియోది పెద్ద వాటా. వారాలు గడిచేకొద్దీ హాలు వాటా పెరిగేది. సినిమా తొందరగా వెళ్లిపోతే ఆ పెరిగే వాటా మాకు అందదు. మా హాలును నిలబెట్టింది పాప్‌కార్న్, కూల్‌డ్రింకులే.

తర్వాత డిజిటల్ వచ్చింది. అంతకుముందు ఒక్కో ఫిల్మ్ ప్రింటుకు సుమారు 1,500 డాలర్లయ్యేది. డిజిటల్ సినిమా పంపే హార్డ్‌డిస్కుకు అందులో పదో వంతు చాలు. ఆ మిగులు స్టూడియోలది. వేల డాలర్ల కొత్త యంత్రం కొనే బరువు హాళ్లది. స్టూడియోలు సినిమాకింతని కొంతకాలం సాయం చేసినా, ఆలస్యంగా సినిమా తెచ్చుకునే ఒంటి తెర హాలుకు దక్కింది స్వల్పం. చివరికి ఊరి జనమే చందాలు వేసుకుని కొత్త యంత్రం కొన్నారు.

నన్ను విప్పి మెట్ల కింద పడేశారు. లెన్సు ఎవరో పట్టుకుపోయారు. పళ్ల చక్రాలు తుప్పుపట్టాయి. మీద చిరిగిన పోస్టర్లు, విరిగిన కుర్చీలు పేర్చారు. ఇన్నేళ్లు వెలుగిచ్చిన నా మీద ఓ గుడ్డయినా కప్పలేదు. నాకు రోజూ నూనె వేసిన ఆపరేటర్‌కీ పని పోయింది. ఆ బాధ నా తుప్పు కన్నా పెద్దది.

2020లో కరోనా హాళ్లకు తాళాలు వేయించింది. 1948 తీర్పుతో స్టూడియోల మీద వచ్చిన కట్టడినీ ఆ ఏడాదే కోర్టు ఎత్తేసింది. ఒకప్పుడు సినిమా హాలు దాటి ఇంటికి చేరడానికి నెలలు పట్టేది. ఇప్పుడు చాలా సినిమాలకు కొన్ని వారాలే.

ఖర్చు తగ్గిన లాభం పైవాళ్ల దగ్గరే ఆగిపోతే కిందనున్న హాలు బతకదు. మీ ఊళ్లో చిన్న హాలు ఇంకా తెరిచే ఉంటే, మొదటి వారమే కాదు, మూడో వారంలోనూ టికెట్టు కొనండి.