ఈక్వలెంటు పండితుడు

యానాంకు పాలకులున్న పుదుచ్చేరి వందల కిలోమీటర్ల అవతల ఉంటే, స్పేర్లున్న కాకినాడ సుమారు 30 కిలోమీటర్లలోనే ఉంది; ఆ కాస్త దూరమైనా పోనవసరం లేదనీ, లేని పార్టు స్థానంలో పనిచేసే మరో పార్టు, అంటే ఈక్వలెంటు, తన సొరుగులోనే ఉంటుందనీ గాఢంగా విశ్వసించే మెకానిక్కే ఈక్వలెంటు పండితుడు. వోల్టేజీ, ఆంపియర్లు సరిపోతే జాతకాలు కలిసినట్టేనని ఆయన సిద్ధాంతం. డయోడు కరెంటును ఒకే దిక్కుకు పోనిస్తుందని ఆయనకు తెలుసు గాని, ఎదురు దిక్కున కూడా రవ్వంత జారిపోతుందనీ, దాన్నే లీకేజీ అంటారనీ చెబితే, అంత చిన్న విషయం తన స్థాయికి తగదన్నట్టు నవ్వి ఊరుకుంటాడు.

టీవీలతో, మిక్సీలతో ఈ పాండిత్యం చక్కగా చెల్లుతుంది. చిక్కంతా రొయ్యల చెరువు నుంచి పీహెచ్ మీటరు వచ్చినప్పుడే. నీటిలో ఆమ్లగుణమెంతో, క్షారగుణమెంతో చెప్పే ఆ మీటరులోని గాజు ఎలక్ట్రోడు నిరోధం 100 మెగాఓములదాకా, కొన్నిటిలో అంతకు మించి కూడా ఉంటుంది కాబట్టి, ఇన్‌పుట్‌కు రక్షణగా ఉండే డయోడు ఒక్క నానోఆంపియరు, అంటే ఆంపియరులో నూరుకోట్లవ వంతు, లీకైనా 100 మిల్లీవోల్టుల తేడా వస్తుంది. పీహెచ్‌లో ఒక అంకెకు దక్కేదే 59 మిల్లీవోల్టులు. గరిష్ఠ లీకేజీ 75 వోల్టుల వద్ద 5 నానోఆంపియర్లనీ, సాధారణంగా అందులో వెయ్యో వంతు కూడా ఉండదనీ తయారీదారులు చెప్పే బీఏవీ199 ఉండవలసిన చోట, పండితుడు 20 వోల్టులకే 25 నానోఆంపియర్లదాకా లీకు కావచ్చని రాసి ఉన్న 1ఎన్4148ను అతికించేస్తాడు. అది గాజు గొట్టంలో ఉండే డయోడు, వెలుగు తగిలితే మరింత లీకవుతుంది. అందువల్ల మూత తీసి ట్యూబులైటు కింద సరిచేసిన మీటరు, మూత బిగించి గట్టుకు చేరాక మరో అంకె చూపిస్తుంది. ఆ అంకెను నమ్మి సున్నం బస్తాలు దింపుకున్న రైతు తిరిగొచ్చి నిలదీస్తే, “ఆయ్, మా దగ్గర కరెక్టుగానే చూపించిందండి” అని అచ్చమైన నిజమే చెబుతాడు.

సముద్రపు గాలికి చెమ్మగిల్లిన బోర్డు మీద సోల్డరింగ్ ఫ్లక్సు మిగిలిపోతే, డయోడును మించిన లీకేజీ అదే కావచ్చు గనుక స్పిరిటుతో కడగాలి. యానాం పేరెత్తగానే చుట్టుపక్కల జిల్లాలవారికి గుర్తొచ్చే మద్యం మాత్రం ఇందుకు పనికిరాదు, అందులో సగానికి పైగా నీళ్లే.

ఇంతకీ సరైన ఈక్వలెంటు ఆయన సొరుగులోనే ఉంటుంది: బీసీ547 వంటి ట్రాన్సిస్టరులో ఎమిటర్ కాలును వదిలేసి, బేస్, కలెక్టర్ కాళ్లను మాత్రమే సర్క్యూట్‌కు కలిపితే అది లీకేజీ బాగా తక్కువైన డయోడుగా పనిచేస్తుంది. ఈ కిటుకు చెప్పినవారి ఎదుటే దాన్ని తన సొంత విద్యగా ప్రకటించుకునే పండితుడికి, 100 మిల్లీఆంపియర్లు మించితే ఓర్చుకోలేని ఆ ట్రాన్సిస్టరును ఇన్వర్టరు చార్జరులోనూ వేసి చూడాలన్న ఉత్సాహం అక్కడికక్కడే మొదలవుతుంది.