ఫిబ్రవరికి సెలవు లేదు

విశాఖపట్నం చూడటానికి ఏ నెల మంచిదని ఎవరిని అడిగినా ఠక్కున ఒకటే జవాబొస్తుంది: అక్టోబరు నుంచి మార్చి దాకా. ఈ మాట చెప్పడానికి విశాఖ చూసి ఉండనక్కర్లేదు. ఢిల్లీకీ ఇదే చెబుతారు, జైపూర్‌కీ ఇదే, హంపీకీ ఇదే. దేశంలో ఊళ్లెన్ని ఉన్నా మంచి నెలల జాబితా మాత్రం ఒక్కటే అచ్చేసి తలా ఒక కాపీ పంచినట్టున్నారు.

ఆ జాబితాలో మొదటి పేరు అక్టోబరు. విశాఖలో వాన గట్టిగా కురిసే నెలల్లో అదొకటి. బంగాళాఖాతంలో పుట్టిన అల్పపీడనం వాయుగుండమై, ప్రమోషన్ దొరికితే తుపానై బయల్దేరే కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గంటకు 180 కిలోమీటర్లు దాటిన గాలులతో ఊరి మీద పడింది. విమానాశ్రయం పైకప్పు ఛిద్రమైంది, చెట్లు మొదళ్లతో సహా లేచిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. జాబితా ప్రకారం అది ఆహ్లాదకరమైన నెల. సగటు లెక్కలో ఉన్న సుఖమే అది. ఒక్క ఆదివారం ఊరంతా ఎగిరిపోయినా, దాన్ని ముప్ఫై ఒక్క రోజులకూ పంచేస్తే కాస్త గాలి వీచినట్టే కనబడుతుంది.

మే నెలలో సగటు ఇంకో రకంగా మోసం చేస్తుంది. బెజవాడలో మా బావగారు ఫోన్ తీసి చూస్తారు. వాళ్ల ఊళ్లో 44, మా ఊళ్లో 35. "తొమ్మిది డిగ్రీల తేడా బావా, ఊటీలో కాపురం పెట్టావు కదా!" అని కుటుంబంతో సహా రైలెక్కేస్తారు. ఫోన్ 35 అని చెప్పింది గానీ ఉక్క సంగతి ఎత్తలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. విశాఖలో పగలవు, చెమట పడతాయి. స్టేషన్ బయట ఆటో బేరం తెగేలోపే బావగారి చొక్కా వీపుకి అతుక్కుపోతుంది. సాయంత్రం బీచ్‌కి మూడో చొక్కాలో వస్తారు. మర్నాడు ఏసీ గది గడప దాటరు. మూడో రోజు తీర్పు చెబుతారు: "మా బెజవాడ ఎండే నయం బావా. మాడిస్తే మాడ్చింది గానీ దాచిపెట్టి మాడ్చదు."

వేసవి చుట్టాలకు ఇంకో ఆశ కూడా ఉంటుంది. సముద్రం పక్కనే కదా, పొద్దున్నే హార్బరుకెళ్లి వంజరం తెచ్చుకుందామని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఫిషింగ్ హార్బర్లో బోట్లన్నీ ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉంటాయి. వాటి మీద రంగులు వేసేవాళ్లూ, ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్లూ తప్ప ఎవరూ ఉండరు. బడిపిల్లలకూ చేపలకూ ఒకే సమయంలో సెలవులిచ్చిన ప్రభుత్వం, చుట్టాలు వచ్చాక పులుసు దేంతో పెట్టాలో మాత్రం ఏ ఉత్తర్వులోనూ చెప్పలేదు.

పోనీ, చలికాలం. అందరూ ఒప్పుకున్న కాలం కాబట్టి అందరూ అప్పుడే వస్తారు. డిసెంబరు చివరి వారంలో లంబసింగి ఘాట్ రోడ్డు చూడాలి. తెల్లవారుజామున మూడింటికే నర్సీపట్నం వైపు నుంచి బండ్ల బారు. ముందు బస్సు కదలదు, వెనక కారు హారన్ ఆపదు. మంచేదో డీజిల్ పొగేదో తేల్చుకోలేక జనం రెండింటితోనూ సెల్ఫీలు దిగుతుంటారు. స్వెట్టర్ల మీద స్వెట్టర్లు వేసుకొచ్చిన ఒకాయన టీ కొట్టు ఆవిణ్ని, "మంచెక్కడమ్మా?" అని నిలదీశాడు. ఆవిడ గ్లాసులు కడుగుతూనే అంది: "ఇందాక దాకా ఉంది బాబూ. మీరొచ్చాక ఎల్లిపోనాది."

వంజంగి కొండ మీద మేఘాలకు కూడా ఇదే గతి. అరకు దారిలో పసుప్పచ్చగా పూసిన వలిసె చేలల్లో ఫొటో దిగాలంటే తలకింత అని రైతులు వసూలు చేస్తున్నారు. నూనె కోసం వేసిన పంట, గింజకంటే ముందు పువ్వుకే గిరాకీ వచ్చింది. వాళ్లను తప్పుపట్టను. చేను తొక్కించుకునేవాడికి టికెట్టు పెట్టే హక్కుంటుంది. ఇక కింద ఊళ్లో చలికాలపు గాలి కదలదు. కొండల మధ్య గిన్నెలా ఉన్న ఊరు కాబట్టి దుమ్మూ ధూళీ ఇక్కడే నిలబడిపోతాయి. పర్యాటకులు బీచ్‌లో నిలబడి గుండెల నిండా పీల్చి, "ఆహా, స్వచ్ఛమైన గాలి" అంటారు. అతిథులు కదా, మేం కాదనం.

వాతావరణం చూసుకుని రావడమనే అలవాటు అసలు అప్పన్న భక్తులకు లేదు. సింహాచలం స్వామి ఏడాది పొడవునా చందనం పూతలోనే ఉంటాడు. దాన్ని ఒలిచి నిజరూపం చూపేది వైశాఖ శుద్ధ తదియ నాడు, ఎండలు మంచి జోరు మీదున్నప్పుడు. క్యూలో నిలబడ్డవాళ్లెవరూ ఉష్ణోగ్రత అడగరు. ఆషాఢ పౌర్ణమికి కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ. వానొస్తే వానలోనే లక్షల మంది నడుస్తారు. వాతావరణం ఆలోచన వచ్చేది పుణ్యం కోసం కాకుండా ఫొటో కోసం బయల్దేరినవాళ్లకే.

నిజానికి వాళ్లు కూడా వాతావరణం చూసి రారు, చూసినట్టు అనుకుంటారంతే. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. పొద్దున్న ఎనిమిదింటికి తెరిస్తే ఎనిమిదీ అయిదుకి వెయిటింగ్ లిస్ట్. వాతావరణ శాఖ కాస్త నమ్మకంగా చెప్పగలిగేది వారం లోపు సంగతే. మిగతా ఏడున్నర వారాలూ పూర్తిగా దైవాధీనం. అంటే మనం నెల ఎంచుకోవడం లేదు, బెర్తు దొరికిన నెలకు మంచి పేరు పెడుతున్నాం. పెళ్లికి వచ్చేవాళ్లకైతే ఆ పెత్తనం కూడా ఉండదు. వాళ్ల పర్యాటక శాఖ పురోహితుడు. మూఢం వస్తే ఎంత చల్లగా ఉన్నా కల్యాణమండపాలు ఖాళీ. మూఢం పోయిందంటే మండుటెండలో కూడా గది దొరకదు.

ఇంతకీ విశాఖకు మంచి నెల లేదా అంటే, ఉంది. ఫిబ్రవరి. పగలు 30 అటూ ఇటూ, రాత్రి 20 అటూ ఇటూ. వాన దాదాపు ఉండదు, తుపాను ఊసుండదు, హార్బర్లో చేపలుంటాయి, ఘాట్ రోడ్డు మీద బండి బండిలాగే కదులుతుంది. ఈ రహస్యం నౌకాదళానికి ఎప్పుడో తెలుసు. 2016లో అంతర్జాతీయ నౌకా సమీక్ష, 2022లో రాష్ట్రపతి నౌకా సమీక్ష రెండూ ఈ తీరంలో ఫిబ్రవరిలోనే జరిగాయి. యుద్ధనౌకలకు ఇంటర్ ప్రాక్టికల్స్ ఉండవు కాబట్టి కుదిరింది.

మనుషులకు కుదరదు. ఫిబ్రవరి వచ్చిందంటే ప్రాక్టికల్స్, వాటి వెనకే థియరీ, మార్చిలో టెన్త్. పరీక్ష రాసేది ఒక్కడే అయినా ఇంటిల్లిపాదీ టీవీ కట్టేసి కూర్చోవాలి. పిల్లల పరీక్షలు లేని ఇంట్లో నాన్నకు మార్చి నెలాఖరు టార్గెట్లు. సెలవులన్నీ మాత్రం ఉక్కపోతలో వేసవికి, వాయుగుండాల్లో దసరాకి, కిక్కిరిసిన రైళ్లలో సంక్రాంతికి పక్కాగా సర్దిపెట్టారు. ఒక్క మంచి నెలనైనా పొరపాటున తగలకుండా క్యాలెండర్ తయారుచేయడం మామూలు నేర్పు కాదు.

ఫిబ్రవరిలో ఓ వారం సెలవులిస్తే పోలా అని అమాయకులు ఎవరైనా అడగొచ్చు. ఇచ్చిన ఏడాదే లంబసింగి బారు అక్కణ్నుంచి బీచ్ రోడ్డుకి దిగుతుంది, వంజరం ధర కొండెక్కుతుంది, గది అద్దె రెట్టింపవుతుంది. ఫిబ్రవరి బాగుండటానికి గాలీ సముద్రం కొంతే కారణం. అసలు కారణం హాల్‌టికెట్టు. అందుకే విశాఖవాసులుగా మేం ఏటా పరీక్షల టైమ్‌టేబుల్ వచ్చేదాకా ఊపిరి బిగబట్టి, వచ్చాక ఇంటర్ బోర్డుకు మనసులోనే దండం పెట్టుకుంటాం. ఈ ఊరి అందాన్ని కాపాడుతున్న ప్రభుత్వ కార్యాలయం అదొక్కటే.