ట్యాగు అంటే దారం

ట్యాగు అంటే మాకు దారం. రెండు కొసలకూ చిన్న రేకు ముక్కలుండే దారం. కాగితం మూలన బొక్క కొట్టి, రేకు కొసను అందులో దూర్చి ఫైలు అట్టకు కట్టేస్తే ఇక గాలికి ఎగరదు. 1979లో మేడ్చల్ తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరిన రోజు నాకు నేర్పిన మొదటి పని అదే. అందుకే మొన్న మా మనవడు "తాతా, నీ మెయిళ్లకు ట్యాగులు పెడ్త" అంటే నేను నిజంగానే లేచి బీరువాలో దారం కట్ట కోసం చూశాను. వాడు నవ్విన నవ్వు వంటింట్లో మా ఆవిడకు వినబడింది.

ఈ గొడవంతా ఒక రసీదుతో మొదలైంది. రిటైర్మెంటు డబ్బుతో శామీర్‌పేట దగ్గర 200 గజాలు కొన్నాను. 2020లో ఎల్‌ఆర్‌ఎస్ అన్నారు, అంటే అనుమతిలేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధం చేయడమట, వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాను. నాలుగున్నరేళ్లు దాని ఊసెత్తినవాడు లేడు. 2025లో ఉన్నట్టుండి, మార్చి ఆఖరులోపు క్రమబద్ధీకరణ ఫీజు కట్టినవాళ్లకు పాతిక శాతం తగ్గింపు అన్నారు. దరఖాస్తు నెంబరు కావాలి. ఫోన్ నెంబరుతో చూద్దామంటే దరఖాస్తులో ఎక్కింది ఆ ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడి నెంబరు. వాడు సెంటర్ ఎత్తేసి ఎటు పోయాడో!

రసీదు నా మెయిల్‌లో ఉంది, అది తెలుసు. ఎల్‌ఆర్‌ఎస్ అని కొట్టి వెతికితే మూడు వందల మెయిళ్లు వచ్చాయి, అన్నీ ప్లాట్లు అమ్మేవాళ్లవే. మూడు రోజులు 2020 నాటి మెయిళ్లన్నీ ఒక్కొక్కటే తెరిచి చూస్తే చివరికి కనిపించింది. సబ్జెక్టు ఖాళీ. లోపల ఒక్క మాట లేదు. 'స్కాన్ 0003' అని ఒక ఫొటో. ఫొటోలో ఉన్నది నా కంటికి అక్షరాలే గానీ, ఆ వెతికే యంత్రానికి కాదు. అదెట్లా దొరుకుతుంది?

మా రోజుల్లో ఇట్లా జరిగేది కాదు. (ఈ మాటకు ఇంట్లో అందరూ లేచి వెళ్లిపోతారు. మీరు కూర్చోండి.) పొద్దున టపా రాగానే ప్రతి కాగితం మీదా తేదీ ముద్ర పడేది. తహసీల్దారు చూసి పొట్టి సంతకం పెట్టి, ఏ సెక్షన్‌కో ఒక అక్షరం గీసేవారు. డిస్ట్రిబ్యూషన్ రిజిస్టర్లో నెంబరు, అక్కడినుంచి గుమాస్తా పర్సనల్ రిజిస్టర్లోకి. నెంబరు పడని కాగితం బల్ల దాటడానికి వీల్లేదు. టాటెన్‌హామ్ పద్ధతి అనేవాళ్లు దాన్ని, మద్రాసు రాజధానిలో పనిచేసిన ఒక దొర పేరు. పని ముగిశాక ఫైలు మీద దాని ఆయుష్షు రాయాలి. ఆర్.డిస్ అంటే ఎప్పటికీ దాచాలి. డి.డిస్ అంటే పదేళ్లు. ఎల్.డిస్ అంటే ఏడాది, ఆ తర్వాత చింపేయాలి. ఎన్.డిస్ అంటే వచ్చిన కాగితం వచ్చినవాడికే తిప్పి పంపేశామని. ఈ రెండక్షరాలు రాయడానికి ఫైలు మొత్తం చదవాలి. చదవకుండా రాసినవాడు ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోయేవాడు.

అంతా బాగుండేదని మాత్రం అనను. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చినప్పుడు చూడాలి మా అవస్థ. శామీర్‌పేట వేరే మండలం. ఊళ్లవారీగా బస్తాలు విప్పి, ఫైళ్లు పంచి, మళ్లీ కట్టాలి. ఒక వాగు తగాదా ఫైలు ఉంది. మీది ఊరు ఇటు వచ్చింది, కింది ఊరు అటు పోయింది. ఫైలు ఎవరిది? ఒక్క ఫైలు రెండు బస్తాల్లో ఉండదు గదా. చివరికి ఫైలు ఒకచోట పెట్టి, రెండో బస్తాలో 'ఫలానాచోట చూడుడు' అని చీటీ పెట్టాం. కొన్నాళ్లకు చీటీ చెదలు తిన్నది. నాతో పనిచేసినవాళ్లు ఇప్పటికీ ఆ వాగు పేరెత్తితే మాట మారుస్తారు.

ఇప్పటి సంగతికొద్దాం. నా పెట్టెలో 14,000 మెయిళ్లున్నాయి, సగానికి పైగా చదవనివే. "ఎందుకు తాతా పరేశాన్, సెర్చ్ కొడితే దొరుకుతది" అనేవాడు మనవడు. రసీదు ఉదంతం తర్వాత ఆ మాట మానేశాడు. శామీర్‌పేట పక్కన బిట్స్ క్యాంపస్‌లో చదువుతున్నాడు, ఆదివారం వచ్చి నా లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. నల్లటి తెర, దాని మీద తెల్లక్షరాలు, బొమ్మల్లేవు, మౌస్ లేదు. ముప్పై ఏళ్ల కింద ఆఫీసుకు మొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు ఇదే తెర. దీన్ని వదిలించుకోవడానికి ప్రపంచమంతా అంత డబ్బు పోసిందా, మళ్లీ ఇక్కడికే రావడానికా?

వాడు ఎక్కించిన ఆ మెయిల్ సరంజామా పేరు నోట్‌మచ్. పెద్దగా ఏమీ కాదు అని అర్థం. 2009లో కార్ల్ వర్త్ అనే ఆయన మొదలుపెట్టాడట. పేరుకు తగ్గట్టు అది మెయిల్ తేనూ తేదు, పంపనూ పంపదు. తేవడానికి ఎంబీసింక్, పంపడానికి ఎంఎస్ఎంటీపీ అని వేరే జవాన్లున్నారు. తెచ్చిన ప్రతి ఉత్తరమూ డిస్కులో విడివిడి కాగితంలా పడుతుంది. 'నోట్‌మచ్ న్యూ' అని కొట్టగానే కొత్తగా వచ్చినవాటిని రిజిస్టర్లో ఎక్కించి, ఒక్కోదానికీ ఇన్‌బాక్స్, అన్‌రెడ్ అని రెండు ట్యాగులు వేస్తుంది. అంటే ఇన్‌వర్డ్ ముద్ర! కాగితం ఉన్నచోటే ఉంటుంది, ట్యాగు రిజిస్టర్లో ఉంటుంది. ప్రతి మెయిల్‌కూ పుట్టుకతో ఒక నెంబరుంటుందట, మెసేజ్ ఐడీ. అదే ఉత్తరం రెండుసార్లు వచ్చినా నెంబరు ఒకటే కాబట్టి ఒకటిగానే లెక్క. నెంబరు పంపేవాడి వైపే పడి రావడం నాకు నచ్చలేదు. చెప్పాను. వాడు పట్టించుకోలేదు.

జీమెయిల్ వాడు 2004 నుంచీ లేబుళ్లు ఇస్తూనే ఉన్నాడు గదా, ఇదంతా ఎందుకురా అంటే, "అవి వాళ్ల దగ్గర ఉంటయ్ తాతా, ఇది నీ దగ్గర ఉంటది" అన్నాడు. ఆ జవాబు రికార్డు రూము తాళం చేతులు మొలకు కట్టుకు తిరిగినవాడికి బాగా అర్థమవుతుంది.

కరెంటు బిల్లు, పెన్షను, అమెరికా నుంచి కూతురు రాసేవి – వీటికి ఎవరు పంపారో చూసి దానంతటదే ట్యాగు పడేలా రాసిపెట్టాడు. మిగతావి నేనే వేస్తాను. ప్లాటు, ఎల్‌ఆర్‌ఎస్, శామీర్‌పేట, ఆర్.డిస్ – ఒక్క రసీదుకు నాలుగు ట్యాగులు. చీటీ అక్కర్లేదు, చెద పట్టదు. వాగు ఫైలు గుర్తొచ్చి కాసేపు ఊరుకున్నాను. మర్నాటి నుంచి పొద్దున పదిన్నరకు టపా చూడడం మొదలుపెట్టాను.

ఏడాది దాటిన ఎల్.డిస్‌లన్నీ చూపించు అంటే చూపిస్తుంది. అయితే చింపదు. డిలీటెడ్ అని రాసినా అదీ ఒక ట్యాగే, ఉత్తరం చెక్కుచెదరదు. చెరపాలంటే ఆ కాగితాలను విడిగా మనమే తీసేయాలి. ఇదొక్కటీ నాకు భలే నచ్చింది. మా కాలంలోనూ చింపే పని మొక్కుబడిగా కాదు, జాబితా రాసి సంతకం తీసుకుని చేసేవాళ్లం.

నెల తిరక్కుండానే మనవడు లాప్‌టాప్‌లో ఏదో కొత్తది ఎక్కిస్తానని మొత్తం తుడిచాడు. మెయిళ్లు మళ్లీ జీమెయిల్ నుంచి దిగాయి, ఒక్కటీ పోలేదు. నేను వేసిన ట్యాగులు మాత్రం ఒక్కటీ లేవు. కాగితాలు మిగిలి రిజిస్టరు కాలిపోయింది. 'నోట్‌మచ్ డంప్' అని ఒక మాట ఉందట, కొడితే ఏ నెంబరుకు ఏ ట్యాగో వరసగా రాసిచ్చేస్తుందట. ముందు ఎందుకు చెప్పలేదురా అంటే, "యాద్ మరిచిన తాతా" అన్నాడు. ఇరవై ఏళ్లవాడికి యాద్ మరుపు!

రసీదుతో మొదలుపెట్టి మళ్లీ అన్నీ వేశాను, పదకొండు రోజులు పట్టింది. ఇప్పుడు ప్రతి శనివారం డంప్ తీసి పెన్‌డ్రైవ్‌లో పెడుతున్నాను. పెన్‌డ్రైవ్‌కు బొక్క ఉంది. దాన్ని ట్యాగుతో, అసలు ట్యాగుతో, ప్లాటు కాగితాల ఫైలుకు కట్టాను.